ముందు చేతులు చూడండి, మొహం తర్వాత: పాత యూరప్ ప్రింట్లలో పల్లె ఆడవాళ్ళ పనిని ఎలా చదవాలి

మా అమ్మమ్మ పరిగె ఏరేది. కోతలైపోయి మోపులన్నీ కళ్ళానికి చేరాక, కొయ్యకాళ్ళ మధ్య రాలిపోయిన వెన్నుల్ని ఒక్కొక్కటే ఏరి ఒడిలో వేసుకునేదంట, సాయంత్రానికి ఒడి బరువెక్కితే ఆ పూట ఇంట్లో అందరికీ ధైర్యంగా ఉండేదని అమ్మ చెప్తుంది. ఈ మాటే నేను మర్చిపోయాను చాలా ఏళ్ళు. మళ్ళీ గుర్తొచ్చింది ఒక రాత్రి ఫోన్‌లో పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచ్ చిత్రకారుడు జాన్ ఫ్రాన్స్వా మిలే చేసిన ఎచింగ్ (రాగిరేకు మీద గీసి అచ్చువేసిన బొమ్మ) ఒకటి పెద్దది చేసి చూస్తుంటే. ముగ్గురు ఆడవాళ్ళు, కోసేసిన గోధుమ చేలో వంగి ఏరుకుంటున్నారు, ఒకామె ఒక చేత్తో ఏరుతూ, ఏరిన వెన్నుల కట్టని ఇంకో చేత్తో వీపు వెనక పట్టుకుని ఉంది. ఆ వెనక్కి పెట్టిన చెయ్యి చూడగానే నాకు ఇంక నిద్ర పట్టలేదు. ఎందుకంటే అది ఊహించి వేసే చెయ్యి కాదు, నడుం నొప్పెట్టినప్పుడు ఆ చెయ్యి అక్కడికే వెళ్తుంది, చూసినవాడే వెయ్యగలడు.

అప్పట్నుంచీ ఈ ప్రింట్లు చూస్తూనే ఉన్నా. చాలామంది ఇలాంటి బొమ్మలు చూసి "అబ్బ ఎంత బావుందో పాతకాలం పల్లె" అని దాటేస్తారు, కానీ మన ఇళ్ళల్లో ఇంకా నాట్లు వేసిన వాళ్ళు, కలుపు తీసిన వాళ్ళు, మజ్జిగ చిలికిన వాళ్ళు ఉన్నారు కదా, ఆ కళ్ళతో చూస్తే ఈ బొమ్మల్లో ఏది నిజంగా చూసి వేసిందో ఏది కుర్చీలో కూర్చుని అల్లిందో మనకి ఇట్టే తెలిసిపోతుంది. ఎలా చూడాలో నేను నేర్చుకున్నంత వరకు రాస్తున్నా, తీరిగ్గా చదవండి, పక్కన ఒక బొమ్మ తెరిచి పెట్టుకుంటే ఇంకా మంచిది.

బొమ్మలు ఎక్కడ దొరుకుతాయంటే, డబ్బులేం అక్కర్లేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో రైక్స్‌మ్యూజియం, న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియం, పారిస్ నేషనల్ లైబ్రరీ వాళ్ళ గాలికా, లండన్ బ్రిటిష్ మ్యూజియం, వీళ్ళందరూ తమ దగ్గరున్న ప్రింట్లని వెబ్‌సైట్లలో పెట్టారు, మెట్ అయితే 2017 నుంచి కాపీరైట్ లేని వాటిని ఎవరైనా ఎలాగైనా వాడుకోమని ఇచ్చేసింది. వెతికేటప్పుడు ఇంగ్లిష్ మాట ఒక్కటే కొట్టి ఆగిపోకండి. ఫ్రెంచ్‌లో పల్లెటూరి ఆడమనిషిని పేజాన్ అంటారు, జర్మన్‌లో బాయెరిన్, డచ్‌లో బూరిన్. పరిగె ఏరే ఆమె ఫ్రెంచ్‌లో గ్లానూజ్, నూలు వడికే ఆమె ఫిలూజ్, పాలమ్మి లెతియేర్. ఈ మాటలు ఆ భాషల్లో స్పెల్లింగ్ చూసుకుని కొడితే ఒక్కసారిగా వందల బొమ్మలు బయటకొస్తాయి, ఇంగ్లిష్‌లో కొడితే రానివి కూడా. ఇంకోటి, బొమ్మని తప్పకుండా పూర్తి సైజులో డౌన్‌లోడ్ చేసుకోండి, చిన్న బొమ్మలో చేతులు కనిపించవు, చేతులు కనిపించకపోతే ఈ పని మొత్తం దండగ.

మొదట గీత చూడాలి. బొమ్మ ఎలా అచ్చయిందో తెలిస్తే అది ఎవరి కోసం, ఎంత రేటుకి, ఎంతమంది చేతుల్లోకి వెళ్ళిందో కొంచెం అర్థమవుతుంది. చెక్క పలకమీద గీత చుట్టూ ఉన్న చెక్కంతా తవ్వేసి గీతని మాత్రం ఎత్తుగా వదిలేస్తే అది వుడ్‌కట్, గీతలు మొద్దుగా బలంగా ఉంటాయి. రాగిరేకు మీద బ్యూరిన్ అనే ఉక్కు పనిముట్టుతో నేరుగా చెక్కితే ఎన్‌గ్రేవింగ్, ఆ గీత సన్నగా మొదలై మధ్యలో లావై మళ్ళీ సూదిలా ముగుస్తుంది, చాలా క్రమశిక్షణగా ఉంటుంది. రాగిరేకు మీద మైనం లాంటి పూత పూసి దానిమీద సూదితో గీసి యాసిడ్‌లో ముంచితే ఎచింగ్, ఇందులో చెయ్యి పెన్నుతో గీసినంత స్వేచ్ఛగా తిరుగుతుంది, గీత చివర్లు మొండిగా ఉంటాయి. పందొమ్మిదో శతాబ్దం పత్రికల్లో వచ్చినవి ఎక్కువగా వుడ్ ఎన్‌గ్రేవింగ్‌లు, అంటే గట్టి చెక్క దుంగని అడ్డంగా కోసిన ముఖం మీద సన్న పనిముట్లతో చెక్కినవి, వాటిల్లో నల్లటి చోట తెల్ల గీతలు మెరుస్తుంటాయి, ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ దగ్గర పుట్టిన థామస్ బ్యూయిక్ దీన్ని ఎక్కడికో తీసుకెళ్ళాడు. తర్వాత లిథోగ్రాఫ్, రాయి మీద జిడ్డు క్రేయాన్‌తో గీసి అచ్చేసేది, మెత్తగా బొగ్గుతో గీసినట్టు కనిపిస్తుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి ఇక్కడ. నేను ఒకసారి పాత సామాన్ల షాపులో ఫ్రేము కట్టిన గోధుమకోత బొమ్మ ఒకటి కొన్నాను, అమ్మినాయన అసలైన ఎచింగ్ అని గట్టిగా చెప్పాడు, ఇంటికొచ్చి పది రెట్లు పెద్దగా చూపించే లెన్స్ పెట్టి చూస్తే గీతల్లేవు, వరసగా చుక్కలే చుక్కలు. అంటే అది ఏదో పాత పత్రికలోంచి చింపిన ఫోటో అచ్చు. చాలా బాధేసింది, నెల జీతంలో కొంత అందులో పోయింది. కాబట్టి కాగితం చేతికొస్తే లెన్స్ పెట్టకుండా డబ్బులియ్యొద్దు. గీత గీతలా ఉండాలి, రాగిరేకు ప్రింటైతే బొమ్మ చుట్టూ రేకు అంచు కాగితంలోకి నొక్కుకుపోయిన గుర్తు కూడా చాలాసార్లు వేలికి తగులుతుంది, కొన్నిటికి అంచులు కత్తిరించేసి ఉంటారు కాబట్టి అది లేనంత మాత్రాన దొంగదని కాదు.

తర్వాత బొమ్మ కింద ఉన్న బుల్లి అక్షరాలు చదవాలి. ఇవి ఎక్కువగా లాటిన్ పొట్టి మాటలు, నాలుగైదు గుర్తు పెట్టుకుంటే చాలు. ఇన్వెనిట్ అంటే ఆలోచన ఎవరిదో, డెలినియావిట్ అంటే బొమ్మ గీసిందెవరో, పింక్సిట్ అంటే పెయింటింగ్ వేసిందెవరో, స్కల్ప్సిట్ అంటే రేకు చెక్కిందెవరో, ఎక్స్‌కూడిట్ అంటే అచ్చువేసి అమ్మింది ఎవరో, ఫేకిట్ అంటే చేసినవాడు. ఇవి చదివితే ఒక బొమ్మ వెనకాల ముగ్గురు నలుగురు మనుషులున్నారని తెలుస్తుంది, పొలానికి వెళ్ళి చూసినవాడు ఒకడు, చెక్కినవాడు ఇంకొకడు, అమ్మకానికి పద్యం తగిలించినవాడు మరొకడు. బొమ్మలో ఉన్న ఆడమనిషి పేరు మాత్రం దాదాపు ఎప్పుడూ ఉండదు.

పద్యం సంగతి ఎత్తాను కాబట్టి పదహారో శతాబ్దపు ఫ్లెమిష్ చిత్రకారుడు పీటర్ బ్రూగెల్ దగ్గర కాసేపు ఆగుదాం. ఆయన 1568లో ఎండాకాలం అని ఒక డ్రాయింగ్ గీశాడు, మరుసటి ఏడే పోయాడు, 1570లో ఆంట్‌వెర్ప్‌లో హైరోనిమస్ కాక్ అనే పబ్లిషర్ ప్రెస్ నుంచి అది ఎన్‌గ్రేవింగ్‌గా వచ్చింది, చెక్కింది పీటర్ వాన్ డెర్ హేడెన్. ముందుభాగంలో ఒకడు కూజా ఎత్తిపట్టి గటగటా తాగుతున్నాడు, వాడి కాలు బొమ్మ అంచు దాటి బయటికి వచ్చేసింది, కొడవలి లాంటి పెద్ద కోతకత్తి కూడా అలాగే. అందరూ వాడినే చూస్తారు. మీరు వాణ్ణి వదిలేసి ఇంకో మనిషి కోసం వెతకండి, నెత్తిన కూరగాయల గంప ఎత్తుకున్న ఆడమనిషి ఉంటుంది, ఆ గంప ఆమె తలని ఎంత కప్పేసిందంటే తల ఉండాల్సిన చోట కూరగాయలే ఉన్నాయి. దీన్ని చమత్కారం అంటారు కళ గురించి రాసేవాళ్ళు. నాకు మాత్రం ముందు ఆ మెడ గుర్తొచ్చింది, అంత బరువు మోస్తుంటే మెడ ఎలా బిగుసుకుంటుందో మోసినవాళ్ళని అడగండి. ఇక కింద ఉన్న లాటిన్ పంక్తి చూడండి, మండే ఎండాకాలం పొలాలకి నిండు పంటలు తెస్తుందని దాని అర్థం. పంట తెచ్చింది ఎవరంట? ఎండాకాలం అంట! కోసిన వాళ్ళు, కట్టిన వాళ్ళు, మోసిన వాళ్ళు బొమ్మ నిండా ఉన్నారు, పద్యంలో ఒక్కరూ లేరు. అందుకే నేను ఎప్పుడూ బొమ్మనీ రాతనీ విడివిడిగా చదవమంటాను, రెండూ ఒకే మాట చెప్తాయని అనుకోవద్దు.

రుతువుల మీద వేసిన అదే జతలో వసంతం అనే బొమ్మ ఉంది, 1565 డ్రాయింగ్, అది కూడా 1570లోనే అచ్చయింది. తోటలో మడులు కడుతున్నారు, తవ్వుతున్నారు, ఆడవాళ్ళు వంగి మొక్కలు నాటుతున్నారు, పక్కన మంచి బట్టలేసుకున్న ఇంటావిడ నిలబడి పని చెప్తోంది. ఇక్కడ నేర్చుకోవాల్సింది ఏంటంటే బొమ్మలో వీపులు లెక్కపెట్టడం. ఎవరి నడుం వంగి ఉంది, ఎవరిది నిటారుగా ఉంది? అది చూస్తే చాలు, ఆ పొలం ఎవరిదో కూలి ఎవరిదో ఎవరూ చెప్పక్కర్లేదు. నాట్లప్పుడు గట్టుమీద గొడుగేసుకుని నిలబడే ఆసామిని చూసినవాళ్ళకి ఇది కొత్తగా నేర్పక్కర్లేదనుకోండి.

ఇప్పుడు చేతులూ పనిముట్లూ. ఇదే అసలు పని, ఇక్కడ ఎక్కువ టైం పెట్టండి. ఆమె చేతిలో ఏముంది, ఎలా పట్టుకుంది, ఆ పట్టుతో ఆ పని అవుతుందా? యూరప్ కోతల్లో రెండు రకాల కత్తులు కనిపిస్తాయి, మనకి తెలిసిన చిన్న కొడవలి ఒకటి, మనిషెత్తు పిడి ఉన్న పెద్ద కోతకత్తి ఒకటి, నిలబడి ఊపుతూ కోసేది. ఎక్కువ ప్రాంతాల్లో పెద్దకత్తి మగవాళ్ళ చేతిలోనే ఉంటుంది, ఆడవాళ్ళు కొడవలితో కోస్తారు, లేదా మగవాళ్ళ వెనకాల పనలు పోగేసి కడతారు, ఎండుగడ్డిని పళ్ళకర్రతో తిరగేస్తారు. పెద్దకత్తి వచ్చిన చోట కోత మగపనైపోయింది, కూలి కూడా అటే పోయింది, ఆడవాళ్ళకి వెనకాల వంగే పని మిగిలింది. బొమ్మలో ఎవరి చేతిలో ఏ కత్తి ఉందో చూడటం అందుకే చిన్న విషయం కాదు.

కొడవలి ఎడమచేతిలో ఉంటే కంగారు పడకండి. రేకుమీద గీసింది కాగితం మీదకి అద్దంలోలా తిరగబడి వస్తుంది, చెక్కేవాడు ముందే తిప్పి చెక్కకపోతే బొమ్మలో అందరూ ఎడమచేతి వాటం వాళ్ళైపోతారు. వాన్ గోహ్ 1885లో బంగాళాదుంపలు తినేవాళ్ళు అన్న తన బొమ్మని లిథోగ్రాఫ్ చేసినప్పుడు ఇలాగే జరిగింది, పెయింటింగ్‌లో అటున్నవాళ్ళు ప్రింట్‌లో ఇటు వచ్చేశారు. కాబట్టి ఎడమచేతి కొడవలి కనబడితే ఇది దేన్నో చూసి చెక్కింది అయ్యుంటుంది, అసలుది ఎక్కడుందో వెతుకుదాం అనుకోండి.

నూలు వడకడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రింట్లలో అన్నిటికన్నా ఎక్కువ కనిపించే ఆడపని అదే. రాట్నం అందరికీ తెలుసు. దానికి ముందునుంచీ ఉన్నది కదురు, దానితోపాటు ఒక పొడుగు కర్ర, దాని తలకి ఉన్నిగానీ అవిసె నారగానీ చుట్టి చంకలోనో నడుములోనో దోపుకుంటారు, ఒక చేత్తో నార లాగుతూ ఇంకో చేత్తో కదురు తిప్పుతూ నడుస్తారు కూడా. నడుస్తూ, గొర్రెల్ని కాస్తూ, కబుర్లు చెప్తూ వడకొచ్చు. అంటే బొమ్మలో ఒక ఆడమనిషి ఊరికే నిలబడి కబుర్లాడుతున్నట్టు కనిపిస్తే ఆమె చంక వైపు చూడండి, కర్ర ఉంటే ఆమె ఖాళీగా లేదు. ఇంగ్లిష్‌లో పెళ్ళికాని ఆడవాళ్ళని స్పిన్‌స్టర్ అంటారు కదా, ఆ మాటకి అసలు అర్థం నూలు వడికే ఆమె అనే. నెదర్లాండ్స్‌లోని హార్లెమ్‌లో ఉండే ఆద్రియాన్ వాన్ ఓస్టాడే ఒక యాభై దాకా ఎచింగ్‌లు చేశాడు, వాటిల్లో 1652లో చేసిన నూలు వడికే ఆమె బొమ్మ ఒకటుంది, గుమ్మం దగ్గర కూర్చుని ఉంటుంది. ఆ గుమ్మం ముఖ్యం. వెలుతురు కోసం బయటికొచ్చి కూర్చుంటారు, లోపల చీకటి, దీపం నూనె దండగ. మా ఊళ్ళో బీడీలు చుట్టే ఆడవాళ్ళు కూడా అరుగు మీదే కూర్చునేవాళ్ళు, కారణం కూడా అదే.

జార్జ్ వాకర్ అని యార్క్‌షైర్ ఆయన 1814లో ఆ జిల్లా వేషధారణల పుస్తకం తెచ్చాడు, నలభై రంగు ప్లేట్లు, చేత్తో రంగులద్దినవి. వేషధారణలు అని పేరుపెట్టినా లోపల ఉన్నదంతా పని. వెన్స్‌లీడేల్ వాళ్ళు అల్లిక అల్లుతూ ఉంటారు అందులో, ఆడా మగా తేడా లేదు, నడుస్తున్నా చేతులు ఆగవు. ఇంకో ప్లేటులో జలగలు పట్టే ఆడవాళ్ళు, పావడాలు పైకి కట్టి, ఉత్త కాళ్ళతో నీళ్ళలో దిగి ఉంటారు. జలగలు కాళ్ళకే పట్టుకుంటాయి, అలా పట్టినవాటిని తీసి డాక్టర్లకి అమ్ముతారు, అప్పట్లో ఏ జబ్బుకైనా రక్తం తీయించడమే వైద్యం. రంగులు చల్లగా, ఆకాశం తేటగా, బొమ్మ చూడటానికి ముచ్చటగా ఉంటుంది. వీళ్ళు చేస్తున్న పని ఏంటో పేరు చదవకపోతే చెరువులో ఆడుకుంటున్నారనుకుంటాం. ఇలాంటి చోట ఆగాలి. బొమ్మ అందంగా ఉండటం తప్పేం కాదు, కానీ ఆ నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయో, ఆ కాళ్ళలోంచి రోజుకి ఎంత రక్తం పోతుందో బొమ్మ చెప్పదు, మనమే అడుక్కోవాలి.

ఇప్పుడు అసలు పనిని చూడకుండా వేసిన బొమ్మల్ని పట్టుకోవడం. వీటిలో కూడా రకాలున్నాయి. విలియం హెన్రీ పైన్ అనే ఆయన 1800ల మొదట్లో మైక్రోకాజం అని ఒక పుస్తకం వేశాడు, వెయ్యికి పైగా చిన్న చిన్న మనుషుల గుంపులు అందులో, వ్యవసాయం, చేతిపనులు, బళ్ళు, మార్కెట్లు అన్నీ. ఎందుకంటే ప్రకృతి దృశ్యాలు వేసుకునేవాళ్ళు తమ బొమ్మల్లో అలంకారంగా పెట్టుకోవడానికి, ఆ మాట పుస్తకం పేరులోనే ఉంది. పాలు పితికే ఆమె కావాలా, అక్కడ్నుంచి తీసి మీ కొండ పక్కన పెట్టుకోండి అన్నట్టు. పైన్ నిజానికి చూసే వేశాడు, చాలా బొమ్మలు బావుంటాయి, కానీ వాటిని ఎత్తుకెళ్ళి పెట్టినవాళ్ళు చూడలేదు. అందుకని ఏదైనా ప్రకృతి దృశ్యంలో మూల ఒక పల్లె ఆడమనిషి బుట్టతో నిలబడి ఉంటే ఒక్క ప్రశ్న వెయ్యండి, ఈమె అక్కడ లేకపోతే బొమ్మలో జరిగే పని ఏదైనా ఆగుతుందా? ఆగకపోతే ఆమెని ఎక్కడో నుంచి తెచ్చి నిలబెట్టారు.

ఫ్రాన్స్‌లో దిద్రో అనే రచయిత తెచ్చిన ఎన్‌సైక్లోపీడియా ప్లేట్లు ఇంకో రకం. 1762 నుంచి 1772 దాకా పదకొండు సంపుటాలు బొమ్మలే, అందులో పాడి పని, వెన్న చిలకడం ఉన్నాయి. పనిముట్ల విషయంలో వీటికి మించినవి లేవు, కవ్వం గొట్టం లోపల ఏముందో కోసి మరీ చూపిస్తారు, ప్రతిదానికీ అక్షరం గుర్తు పెట్టి. కానీ నేల చూడండి, ఎంత శుభ్రంగా ఉందో! చిలికే చోట చుక్క పాలు ఒలకదు, ఎవరి నుదుటా చెమట ఉండదు. పనిముట్టు గురించి తెలుసుకోవడానికి ఈ ప్లేట్లు పెట్టుకోండి, పని గురించి తెలుసుకోవడానికి పక్కనే మిలే చేసిన వెన్న చిలికే ఆమె ఎచింగ్ పెట్టుకోండి, అది 1855, 56 ప్రాంతంలోది. అక్కడ చిలకడం నిలబడి చేసేది, నిలువు గొట్టంలో కర్ర పైకీ కిందకీ, మనలాగా తాడేసి లాగడం కాదు, బరువంతా భుజాల మీద పడుతుంది. రెండూ పక్కపక్కన చూస్తే ఒకటి వస్తువుని చూసిందనీ ఒకటి మనిషిని చూసిందనీ వెంటనే తెలుస్తుంది.

పాలమ్మాయిల బొమ్మల దగ్గర ఇంకో జాగ్రత్త. లూకాస్ వాన్ లైడెన్ అనే డచ్ చిత్రకారుడు 1510లో పాలమ్మాయి అని ఒక ఎన్‌గ్రేవింగ్ చేశాడు, అరచేతికి కొంచెం పెద్దది అంతే, ఆవులు, పాలబకెట్ పట్టుకున్న పిల్ల, ఆమెని చూస్తున్న మగవాడు. ఆవుల్ని అంత బాగా చెక్కినవాడు అప్పట్లో లేడు. కానీ డచ్‌లో పాలు పితకడం అనే మాటకి అప్పట్లో బూతు అర్థం కూడా ఉండేది, పాలమ్మాయి అనగానే చూసేవాళ్ళు కన్నుగీటుకునేవాళ్ళు, ఆ మగవాడి చూపు ఆ కన్నుగీటు కోసమే పెట్టింది అని చాలామంది చరిత్రకారులు అంటారు. ఇలాంటి బొమ్మల్ని చూసి అప్పటి పాలమ్మాయిలు ఇలా ఉండేవాళ్ళు అని రాసేస్తారు కొందరు, అది అన్యాయం. అందులో ఉన్నది కొనుక్కునే మగవాళ్ళ సరదా. ఆమె తెల్లవారకముందే లేచి, చలిలో, పొదుగు కింద చేతులు పెట్టి పిండింది వేరే విషయం, దాన్ని వేరుగా రాసుకోండి. బొమ్మలో ఎవరు ఎవర్ని చూస్తున్నారో గీత గీసుకుంటే ఈ సంగతి బయటపడుతుంది: ఆమె పని వైపు చూస్తుంటే ఒక అర్థం, ఆమె మన వైపు చూస్తూ నవ్వుతుంటే ఇంకో అర్థం.

మళ్ళీ మిలే దగ్గరికి వస్తా, ఎందుకంటే ఒక బొమ్మని పూర్తిగా చదవడం ఎలాగో పరిగె ఏరేవాళ్ళతోనే చూపించడం తేలిక. ఎచింగ్ దాదాపు 19 సెంటీమీటర్లకి 25, అంటే నోటుపుస్తకం అంత. అందరికీ తెలిసిన పెయింటింగ్ 1857ది, ఎచింగ్ దానికి ముందే 1855, 56లో చేశాడు, పారిస్‌లో ఓగుస్త్ దెలాత్ర్ అచ్చువేశాడు. ముందు వీపులు చూడండి. ఇద్దరు పూర్తిగా వంగి ఉన్నారు, మూడో ఆమె సగం లేచింది. ఆ ముగ్గుర్నీ ఒకే మనిషి పనిలో మూడు క్షణాలుగా కూడా చదవొచ్చు, వంగడం, ఏరడం, నడుం పట్టేసి కాస్త లేవడం. తర్వాత చేతులు, వేళ్ళు నేలకి ఆనబోతున్నాయి. తర్వాత నడుముకి కట్టుకున్న ఏప్రాన్, దాన్ని మడిచి ఒడిలా చేసుకున్నారు, ఏరింది అందులో వేసుకుంటారు. మనవాళ్ళు పత్తి తీసేటప్పుడు, మిరపకాయలు కోసేటప్పుడు చీర కొంగుతో ఒడి కట్టుకోవడం అచ్చంగా ఇదే. ఇక దూరంగా చూడండి, వెనకాల పెద్ద పెద్ద కుప్పలు, అక్కడ కోతకూలీల సందడి. పంట అక్కడుంది, వీళ్ళు ఇక్కడున్నారు. పెయింటింగ్‌లో అయితే దూరంగా గుర్రం మీద అజమాయిషీ చేసేవాడు కూడా ఉన్నాడు.

ఇక్కడ మనకి తెలిసిందంతా తెచ్చి రుద్దకూడదు కూడా. నేను మొదట్లో వీళ్ళని కూలీలు అనుకున్నా, తప్పు. వీళ్ళకి కూలి లేదు. పంట ఎత్తేసిన తర్వాత మిగిలింది ఏరుకోవడం పేదవాళ్ళ హక్కుగా ఉండేది, ఆ హక్కుకి కూడా కంచె వేశారు, ఫ్రాన్స్‌లో 1810 శిక్షాస్మృతి ప్రకారం చేను పూర్తిగా ఖాళీ అవ్వకముందు ఏరినా, పొద్దు పొడవకముందు ఏరినా, పొద్దు గుంకాక ఏరినా జరిమానా. ఇది తెలిశాక బొమ్మలో నీడలు చూస్తే పొద్దు ఎంతుందో వెతకాలనిపిస్తుంది. 1857లో పెయింటింగ్ ప్రదర్శనకి పెట్టినప్పుడు పారిస్ విమర్శకులు కొందరు భయపడ్డారు, అందులో విప్లవం కనిపించింది వాళ్ళకి. ముగ్గురు ఆడవాళ్ళు వంగి వెన్నులు ఏరుకోవడంలో అంత భయపడాల్సింది ఏముందో ఆలోచించండి, బొమ్మ ఎవరి ఇంటి గోడకి వెళ్తుందో వాళ్ళకి ఆ వీపులు చూడబుద్ధి కాలేదు.

ఒక బొమ్మ నచ్చితే దాని కాపీలన్నీ వెతకడం అలవాటు చేసుకోండి. మిలే పొలంపనుల మీద పది బొమ్మలు గీస్తే ఆద్రియాన్ లావియే వాటిని చెక్కమీద చెక్కాడు, 1853లో ఇలస్ట్రసియోన్ పత్రికలో వచ్చాయి. పన కట్టే ఆమె, గడ్డి పోగేసే ఆమె, గొర్రె ఉన్ని కత్తిరించే ఆమె, అవిసె కాడల్ని చితక్కొట్టే ఆమె, నూలు వడికే ఆమె, అంటే పదిలో సగం ఆడవాళ్ళే. ముప్పై ఆరేళ్ళ తర్వాత 1889లో సెయింట్ రెమీ ఆస్పత్రిలో ఉన్న వాన్ గోహ్ ఆ నలుపు తెలుపు ప్రింట్లు ముందు పెట్టుకుని రంగుల్లో వేశాడు, ఇది కాపీ కొట్టడం కాదు ఇంకో భాషలోకి, రంగుల భాషలోకి అనువదించడం అని తమ్ముడికి రాసుకున్నాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని అవిసె కొట్టే ఆమె చేతిని చూడండి, భుజం ఎక్కడ మారింది, మొహం ఎంత తగ్గిపోయింది. ఒక శరీరం పొలంలోంచి కాగితం మీదకి, కాగితం మీద నుంచి చెక్కలోకి, చెక్కలోంచి కాన్వాసు మీదకి వెళ్తూ ఏం పోగొట్టుకుంది ఏం మిగుల్చుకుంది అనేది నాకైతే గంటలకొద్దీ చూసే విషయం. ఫ్రాన్స్‌లో పనిచేసిన చిత్రకారుడు కమీ పిసారో బొమ్మలు కూడా ఇలా చూడొచ్చు, ఆయన గీసినవి కొడుకు లూసియన్ 1890ల్లో చెక్కమీద చెక్కాడు, వాటిల్లో కలుపు తీసే ఆడవాళ్ళది ఒకటుంది. గొంతుక్కూర్చుని వరసగా ముందుకి జరుగుతూ... ఇది చూసి మా పిన్ని "వీళ్ళకీ మోకాళ్ళు ఇంతేనా" అంది.

ఇన్ని చూశాక ఒక ప్రశ్న వస్తుంది, ఆడవాళ్ళు ఎవరూ వెయ్యలేదా అని. తక్కువ, కానీ ఉన్నారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో గీర్‌ట్రాయిట్ రోహ్‌మన్ అనే ఆమె 1650కి అటూ ఇటూ అయిదు ఎన్‌గ్రేవింగ్‌లు చేసింది, పల్లెవి కావు, ఇంటి పనులు, కుట్టుపని, నూలు, వంట, గిన్నెలు తోమడం. ఒకదాంట్లో ఆమె మొత్తం వీపు మనకి పెట్టేసి పని చేసుకుంటుంది, మనం వచ్చామని కూడా ఆమెకి పట్టదు. పల్లె ప్రింట్లు చూసి చూసి ఇది చూస్తే గాలి తగిలినట్టు ఉంటుంది. మన వైపు చూస్తే తెలంగాణలో లక్ష్మాగౌడ్ గారి ఎచింగ్‌లలో పల్లె ఆడామగా ఉంటారు, ఈ గీతల సంగతి తెలిశాక అవి కూడా తీసి చూడండి, సూది ఎక్కడ ఆగింది, యాసిడ్ ఎంత కొరికింది అన్నీ కనిపించడం మొదలవుతుంది.

చివరిగా చేసే పని, చూసిన ప్రతి బొమ్మకీ తెలుగులో ఒక పేరు రాసి దాచుకోండి. మ్యూజియం వాళ్ళు "పల్లెటూరి ఆడమనిషి" అని పెడితే సరిపోదు, ఆమె చేస్తున్న పని పేరుతో రాయండి, పన కట్టే ఆమె, కలుపు తీసే ఆమె, పరిగె ఏరే ఆమె, ఉన్ని ఏకే ఆమె. పక్కన ఏడాది, ఎవరు గీశారు ఎవరు చెక్కారు, ఏ కాలం, నడుం వంగిందా నిటారా, చూపు ఎటుంది, రాత ఏమంటోంది. పనికి తెలుగు మాట తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్ళకి బొమ్మ చూపించండి, పుస్తకాల్లో లేని మాటలు వాళ్ళ నోట్లోంచి వస్తాయి, నాకు "పళ్ళకర్ర" అలాగే దొరికింది.

మొదలుపెట్టడానికి ఒక బొమ్మ చెప్పమంటే నేను జర్మన్ చిత్రకారిణి కేథే కోల్విట్జ్‌ది చెప్తాను. ఆమె జర్మనీ రైతుల తిరుగుబాటు మీద 1902 నుంచి 1908 దాకా ఏడు ఎచింగ్‌లు చేసింది, అందులో 1905 నాటిది కత్తి నూరే ఆమె. బొమ్మంతా దాదాపు చీకటి. ఒక ఆడమనిషి పెద్ద కోతకత్తి మీద ఆకురాయి నడిపిస్తోంది, ఆ మగవాళ్ళ కత్తి ఇక్కడ ఆమె చేతిలో ఉంది, మొహం కత్తి దగ్గరికి వంగింది, కళ్ళు సగం మూసుకుపోయాయి. అలసటో, ఇంకేదో మనసులో ఖాయం చేసుకుంటోందో. ముందు ఆ చేతులు చూడండి, ఎముకలు ఎంత పెద్దగా ఉన్నాయో, రాయి మీద వేళ్ళు ఎలా పడ్డాయో. మొహం దగ్గరికి తర్వాత వెళ్ళండి.